ఉప్పు నేల మీద గంటకు 200 మైళ్లు: బండికి ఏ టైరు వేయాలి?

మొదటిసారి బాన్‌విల్ (అమెరికాలో యూటా రాష్ట్రపు ఉప్పు మైదానం, బండ్ల వేగం రికార్డుల కోసం పరుగులు పెట్టే చోటు) వెళ్లేముందు ఆరు నెలలు ఇంజిను గురించే చదివాను. ఏం అడిగినా టకటకా చెప్పేద్దామని తయారై వెళ్లాను. తనిఖీకి వచ్చిన పెద్దాయన ఇంజిను వంక చూడనే లేదు. మోకాళ్ల మీద కూర్చుని, జేబులోంచి చిన్న టార్చి తీసి వెనక టైరు సైడ్‌వాల్, అంటే పక్క గోడ మీద వేశాడు. బొటనవేలితో దుమ్ము తుడిచి, అచ్చులో పడిన నాలుగంకెలు చదివాడు. తల అడ్డంగా ఊపి లేచిపోయాడు.

టైరు కొత్తదే. ఒక్క మైలు తిరగలేదు, పైన రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు. ఆన్‌లైన్‌లో సగం ధరకి వస్తోందని ఎగబడి కొన్నాను, తయారై ఆరేళ్లు దాటిందని మాత్రం చూసుకోలేదు. లాస్ ఏంజెలెస్ నుంచి పది గంటలకు పైగా వ్యాన్ నడుపుకుంటూ వెళ్లి, ఆ రోజంతా పక్కవాళ్ల బండ్లు దూసుకుపోతుంటే కుర్చీ వేసుకుని చూశాను. ఇంజిను మీద పెట్టిన డబ్బులో పదో వంతు కూడా టైర్లకి పెట్టలేదన్న లెక్క అప్పుడు తేలింది.

ఇక్కడ అమెరికాలో పెద్ద బండ్లు కొనుక్కున్న మనవాళ్లు ఈమధ్య అప్పుడప్పుడు ఫోన్ చేస్తున్నారు. డాలస్ నుంచి ఒక గుంటూరు కుర్రాడు మొన్న తన సుజుకీ హయబూసా గురించి అడిగాడు: "అన్నా, నా బూసా స్టాక్ టైర్లతోనే ఉంది. ఒకసారి ఉప్పు మీద తోలి చూడాలని ఉంది. ఇవి చాలా, మార్చాలా?" గంటసేపు మాట్లాడినా పూర్తిగా చెప్పలేకపోయాను. అతనికి చెప్పినదీ, చెప్పడం మరిచిపోయినదీ ఇక్కడ రాస్తున్నాను.

అక్షరం చెప్పేది ఎంత

మన ఊళ్లో తిరిగే 100, 125 సీసీ బండి టైరు చూడండి. సైజు తర్వాత ఒక అంకె, దాని వెనకే ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటాయి. చాలావాటికి అది 'పి'. అంటే గంటకు 150 కిలోమీటర్లు. 'ఎస్' 180, 'హెచ్' 210, 'వి' 240, 'డబ్ల్యు' 270, 'వై' 300. 'హెచ్' పోయి 'యు' తర్వాత కూర్చోవడం వింతగానే ఉంటుంది కానీ వరస అంతే. అక్షరం ముందున్న అంకె బరువుది. 58 అంటే 236 కిలోలు, 73 అంటే 365.

హయబూసాకి ముందు 120/70 జెడ్ఆర్ 17 (58డబ్ల్యు), వెనక 190/50 జెడ్ఆర్ 17 (73డబ్ల్యు) ఉంటాయి. ఇందులో అందరూ వదిలేసేది ఆ బ్రాకెట్లని. బ్రాకెట్ లేకపోతే 270 దగ్గర గీత గీసినట్టు. బ్రాకెట్ ఉంటే 270 పైన కూడా వెళ్లగలదని అర్థం, కానీ ఎంతవరకో సైడ్‌వాల్ మీద రాసి ఉండదు. అది తయారీదారుని అడిగి తెలుసుకోవాలి. 'టైరు మీద జెడ్ఆర్ ఉందిగా' అని చాలామంది ధైర్యం చెప్పుకుంటారు. ఒట్టి జెడ్ఆర్ చెప్పేది 240 దాటుతుందని మాత్రమే. గంటకు 200 మైళ్లంటే 322 కిలోమీటర్లు.

ఇంకోటి. ఆ అక్షరం కోసం పెట్టే పరీక్ష ల్యాబులో జరుగుతుంది. కొత్త టైరుకి లెక్క ప్రకారం గాలి కొట్టి, లెక్క ప్రకారం బరువు మోపి, తిరిగే ఇనుప డ్రమ్ము మీద మెట్టుమెట్టుగా వేగం పెంచుతారు. పాత టైరుకి, మేకు దిగి ప్లగ్గు వేయించిన టైరుకి, గాలి తగ్గిన టైరుకి ఆ అక్షరం వర్తించదు. పంక్చర్ వేసిన టైరుతో పరుగుకి వెళ్లడం గురించి నా దగ్గర వాదన లేదు, అది వద్దు అంతే.

స్లిప్పు మీద 200, చక్రం మీద 220

తారు మీద దొరికే పట్టు ఉప్పు మీద దొరకదు. ఎదురుగాలిని చీల్చుకుంటూ ఇంజిను తోస్తుంటే వెనక చక్రం బండి కంటే ముందు పరిగెడుతుంది. నేల తడిగా ఉంటే మరీను. 10 శాతం జారిందనుకోండి, మీ టైమింగ్ స్లిప్పు (పరుగు వేగం రాసిచ్చే కాగితం) మీద 200 మైళ్లు వస్తుంది, టైరు మాత్రం 220 మైళ్ల లెక్కన తిరిగింది. కిలోమీటర్లలో 354. కాబట్టి టైరు ఎంచుకోవాల్సింది రికార్డు వేగాన్ని బట్టి కాదు, చక్రం వేగాన్ని బట్టి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతా లెక్కలన్నీ సులువు.

మనకి తెలిసిన బండితోనే చూద్దాం. 2018లో కేలా రివాస్ అనే 18 ఏళ్ల అమ్మాయి రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650ని, మార్పులు చేసినదాన్ని, బాన్‌విల్‌లో 157 మైళ్ల దాకా తీసుకెళ్లింది. 253 కిలోమీటర్లు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆదివారం పొద్దున కనిపించే బండే అది. 240 దాకా వెళ్లే 'వి' టైరు కూడా ఆ వేగానికి చాలదు, చక్రం జారుడు కలపకముందే. '650కి అంత టైరు దేనికి' అనుకునేవాళ్లు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. సీసీ తక్కువని టైరుకి కష్టం తగ్గదు.

ఒక గ్రాము రబ్బరు, 2.7 కిలోలు

17 అంగుళాల ముందు చక్రం, టైరుతో కలిపి, మధ్య నుంచి అంచు దాకా సుమారు 30 సెంటీమీటర్లు. 200 మైళ్ల దగ్గర అది సెకనుకి 47 సార్లు తిరుగుతుంది. ఆ తిప్పుడుకి అంచున ఉన్న ఒక్కో గ్రాము రబ్బరు 2.7 కిలోల బరువుతో బయటికి లాగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల మీద అదే గ్రాము పావుకిలో చిల్లర. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. టైరు బొద్దుగా, గాడులు లోతుగా ఉంటే బాగుంటుందనే రోడ్డు బుద్ధి ఇక్కడ తలకిందులవుతుంది. పైన రబ్బరు ఎంత తక్కువుంటే అంత మేలు.

బ్యాలెన్సింగ్ కోసం రిమ్ముకి అతికించే సీసపు ముక్క ఉంటుంది కదా, 10 గ్రాములది. రిమ్ము దగ్గర, అదే వేగంలో, అది 18 కిలోల బలంతో లాగుతుంది. నా రెండో ఏడు ఒక పరుగు తర్వాత చక్రం తుడుస్తుంటే రిమ్ములో అతుకు బిళ్ల జిగురు మరక ఒక్కటే కనిపించింది, వేలి గోరంత. ముక్క లేదు. ఎక్కడ ఎగిరిపోయిందో తెలియదు. నాలుగో మైలు దగ్గర హ్యాండిల్ ఎందుకు సన్నగా వణికిందో మాత్రం తెలిసింది. అప్పటి నుంచి ప్రతి ముక్క మీదా అల్యూమినియం టేపు చుట్టి, అంచులు గోటితో నొక్కి మరీ వెళ్తున్నాను.

వాల్వుదీ ఇదే కథ. లోపలి పిన్ను బయటికి లాగబడి స్ప్రింగుని నొక్కితే గాలి జారిపోతుంది. లోపల రబ్బరు వాషరున్న ఇనుప మూత, పొట్టి ఇనుప వాల్వు వేయండి. ప్లాస్టిక్ మూత దుమ్ము పడకుండా చూస్తుంది, అంతకు మించి పనికిరాదు.

ఏ రకం, ఎవరికి

మొదటి వరసలో హైపర్‌స్పోర్ట్ రోడ్డు టైర్లు. మిషెలిన్, బ్రిడ్జ్‌స్టోన్, పిరెల్లి, డన్‌లప్, మెట్జెలర్, అందరి దగ్గరా ఉన్నాయి. 17 అంగుళాల సైజులో బ్రాకెట్ 'డబ్ల్యు'తోనే వస్తాయి. రేడియల్ కట్టుబడి (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నిటారుగా వేసినది) వల్ల వేగంలో పెద్దగా ఉబ్బవు. చాలావాటికి వెనక టైరు నడిమి పట్టీ గట్టి రబ్బరు, పక్కలు మెత్తవి. మనం వంపులు తిరిగేది లేదు, పరుగంతా ఆ నడిమి పట్టీ మీదే. 150 నుంచి 200 మైళ్ల మధ్య తోలాలనుకునే కొత్తవాడికి నేను ఇదే చెబుతాను, రెండో ఆలోచన లేకుండా.

అదే కంపెనీ, అదే సైజు, అదే బ్రాకెట్ అక్షరంతో టూరింగ్ టైరు కూడా దొరుకుతుంది. ఎక్కువ కాలం మన్నుతుంది కదా అని మనవాళ్ల చెయ్యి దాని మీదికే పోతుంది. మన్నిక మనకి అక్కర్లేదు. టూరింగ్ టైరు గాడులు లోతుగా, వాన నీళ్లు పోవడానికి ఎక్కువగా ఉంటాయి. ఆ గాడుల మధ్య రబ్బరు ముక్కలు నేల తగిలినప్పుడల్లా అటూ ఇటూ కదిలి వేడెక్కుతాయి, బరువూ ఎక్కువే. అక్షరం ఒకటే అయినా రెండింట్లో హైపర్‌స్పోర్టే తీసుకోండి. ఇప్పటికే బండికి కొత్త టూరింగ్ టైర్లు ఉండి, 150 మైళ్ల లోపు తోలి చూద్దామనుకుంటే మాత్రం మార్చక్కర్లేదు, తేదీ ఒకసారి చూసుకోండి.

ట్రాక్ మీద వాడే స్లిక్కులు చూస్తే నోరూరుతుంది. గాడులే లేవు, రబ్బరు పల్చన, పట్టు బంక. నేనూ ఒక జత కొన్నాను. చిక్కు ఎక్కడంటే, సర్క్యూట్‌లో అవి నిటారుగా తిరిగేది కాసేపే, మళ్లీ మలుపు, మళ్లీ బ్రేకు. బాన్‌విల్‌లో మైళ్ల కొద్దీ అదే నడిమి పట్టీ మీద పూర్తి థ్రాటిల్. మెత్తటి రబ్బరుకి ఆ వేడి పడదు. పైగా చాలా స్లిక్కుల మీద వేగం అక్షరమే ఉండదు, తనిఖీలో చూపించడానికి తయారీదారు కాగితం కావాలి. మైలు రన్‌వే మీద, కాగితం చేతిలో ఉంటే, బాగా తెలిసినవాళ్లు వాడతారు. నా జత ఇప్పుడు ట్రాక్ డేలకి వెళ్తోంది.

డ్రాగ్ స్లిక్కుల గురించి ఎక్కువ చెప్పను. పావు మైలు, కొన్ని సెకన్లు, తక్కువ గాలి, ముడతపడే సైడ్‌వాల్, వేగంలో బాగా ఉబ్బే గుణం. ఉప్పు మీద వద్దు.

పాత బండ్లవాళ్లది వేరే కష్టం. 18, 19 అంగుళాల పుల్లల చక్రాలు, సన్నటి టైర్లు. ఈ సైజుల్లో బ్రాకెట్ 'డబ్ల్యు' దొరకడం గగనం. ఏవన్ రోడ్‌రైడర్ లాంటివి 'వి' దాకా వస్తాయి. అంటే 149 మైళ్లు. మీ తరగతి రికార్డు అంతకంటే పైన ఉంటే రెండే దారులు. 17 అంగుళాల రిమ్ములు కట్టించడం, లేదా తయారీదారుతో మాట్లాడి రాతపూర్వకంగా తీసుకోవడం. న్యూజిలాండ్ నుంచి వచ్చిన బర్ట్ మన్రో 1920 నాటి ఇండియన్ స్కౌట్ మీద 1967లో 183 మైళ్లు దాటించాడు. ఆయన టైర్ల గాడులు తనే కత్తితో చెక్కేసుకునేవాడు. రబ్బరు బరువు లెక్క ఆయనకి అప్పుడే తెలుసన్నమాట. ఆ కత్తిని మాత్రం మీరు పట్టకండి, లోపలి దారం ఎక్కడ మొదలవుతుందో చేతికి తెలియదు. ట్యూబ్ ఉన్న చక్రమైతే టైరు రిమ్ము మీద జరిగి వాల్వుని తెంపకుండా బిగింపు కూడా చూసుకోవాలి.

250 మైళ్ల పైన రోడ్డు టైరు మాట ఎత్తకండి. 2010లో రాకీ రాబిన్సన్ రెండు హయబూసా ఇంజిన్లున్న యాక్ అటాక్ అనే స్ట్రీమ్‌లైనర్ (గాలి తగలకుండా పూర్తిగా తొడుగు కప్పిన పొడుగాటి బండి) మీద 376 మైళ్లు చేశాడు, 605 కిలోమీటర్లు. అక్కడ టైరు షాపులో కొనే వస్తువు కాదు. ల్యాండ్ స్పీడ్ (నేల మీద వేగం రికార్డులు) కోసమే పోసిన టైర్లు, ఒక్కో పరుగు లెక్క రాసుకునే టైర్లు అవి. 200కి 250కి మధ్య ఉన్నవాళ్లు ఏ మోడలైనా సరే, మీ బండి బరువు, గాలి, చక్రం వేగం రాసి తయారీదారుకి మెయిల్ పెట్టండి. జవాబు రాకపోతే ఆ మోడల్ మీ లిస్టులో లేనట్టే. పక్క టెంటువాడు పోయిన ఏడు అదే టైరుతో 230 చేశాడన్నది నేను లెక్కలోకి తీసుకోను. వాడి బండి బరువు వేరు, వాడి గాలి వేరు, వాడి అదృష్టం వేరు.

ఎక్కడ తోలుతున్నారు

కాలిఫోర్నియా ఎడారిలో ఎల్ మిరాజ్ ఎండిన చెరువు నేల. మట్టి, 1.3 మైళ్ల పరుగు. టైరు వేడెక్కేలోపే అయిపోతుంది కానీ రాళ్లూ రప్పలూ తగులుతాయి. ప్రతి పరుగు తర్వాత కోతలు వెతకాలి. మొదలుపెట్టడానికి ఇది మంచిచోటు.

రన్‌వేల మీద పట్టు బాగుంటుంది, జారుడు తక్కువ, కాబట్టి చక్రం వేగానికీ బండి వేగానికీ తేడా తక్కువ. కాకపోతే వేగం అందుకునేది కొద్ది దూరంలో, కాంక్రీటు టైరుని గట్టిగా రుద్దుతుంది. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని లోరింగ్ పాత ఎయిర్‌ఫోర్స్ రన్‌వే మీద 2011లో బిల్ వార్నర్ టర్బో హయబూసాతో, నిలబడ్డ చోటు నుంచి మైలున్నరలోనే, 311 మైళ్లు దాటాడు. ఆ దూరం చూస్తే టైరు మీద పడే తోపుడు ఊహించుకోవచ్చు.

బాన్‌విల్‌లో దూరం ఎక్కువ, పట్టు తక్కువ, ఎండ ఎక్కువ. టైరుకి అన్నిటికంటే గట్టి పరీక్ష కాలవ్యవధే. ఉప్పు పొర ఒక్కో ఏడు ఒక్కోలా ఉంటుంది. వాన వల్ల 2014, 2015, 2022 ఆగస్టుల్లో ఏటా అక్కడ జరిగే పరుగుల వారం, స్పీడ్ వీకే, రద్దయింది. అంచేత టైర్లు మరీ ముందుగా కొని పెట్టుకోకండి, రద్దయితే ఇంకో ఏడు పాతబడతాయి.

సైజు, గాలి

వెనక 190/50 తీసి 190/55 వేస్తే (రెండో అంకె టైరు ఎత్తుది) చుట్టుకొలత 3 శాతం పెరుగుతుంది. అదే ఆర్పీఎం దగ్గర 200 మైళ్లకి 206 అవుతుంది, ఇంజినుకి దమ్ముంటే. పళ్లచక్రం మార్చే బదులు టైరుతో గేరింగ్ సర్దుకునేవాళ్లున్నారు. మార్చే ముందు చైనుకీ టైరుకీ మధ్య, స్వింగ్ ఆర్మ్‌కీ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) టైరుకీ మధ్య జాగా కొలవండి. ఆగి ఉన్న టైరుకి చిటికెన వేలు దూరితే చాలదు, తిరిగే టైరు ఉబ్బుతుంది, సందుల్లో ఉప్పు గట్టిపడి రాయిలా పేరుకుంటుంది. 200, 240 వెడల్పు టైర్లు చూడ్డానికే, గాలికి అడ్డం తప్ప వేగానికి ఒరిగేది లేదు.

ముందు టైరు మీద పొదుపు చేయకండి. వెనకది మార్చి ముందుది 'ఇంకా బాగానే ఉందిగా' అని వదిలేస్తారు. వెనక టైరు పోతే బండి ఊగుతుంది, ఒక్కోసారి ఆపుకోగలం. ముందుది పోతే ఆ అవకాశం ఉండదు. రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఇంచుమించు ఒకే వారం తేదీ. ముందు రేడియల్, వెనక బయాస్ (దారాలు ఏటవాలుగా వేసినది) లాంటి కలగాపులగం అసలొద్దు.

గాలి తక్కువైతే పట్టు ఎక్కువన్నది ట్రాక్ మాట. ఇక్కడ తక్కువ గాలి టైరుని చంపుతుంది. నేల తాకిన చోట టైరు నొక్కుకుని, వదిలాక మళ్లీ గుండ్రంగా సర్దుకోవాలి. సర్దుకునేలోపే మళ్లీ నేల వచ్చేస్తే ఆ ముడత అలలా నిలబడిపోతుంది, వేడి సెకన్లలో పెరుగుతుంది. గాలి ఎక్కువుంటే ఆ అల పుట్టే వేగం ఇంకా పైకి జరుగుతుంది. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ గాలి, చల్లగా ఉన్నప్పుడు, పెద్ద టైర్లకి సాధారణంగా 42 పీఎస్ఐ. నేను దాని దగ్గరే మొదలుపెడతాను. అంతకు మించాలంటే తయారీదారు మాట కావాలి.

సముద్రమట్టం దగ్గర కొట్టిన గాలిని బాన్‌విల్‌కి తీసుకెళ్తే గేజీ దాదాపు 2 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది, అక్కడ ఎత్తు 4,200 అడుగులు కాబట్టి. పొద్దున చలికీ మధ్యాహ్నం ఎండకీ ఇంకో మూడు నాలుగు తేడా. కాబట్టి ఇంట్లో కొట్టిందే చాలనుకోకండి, లైనులో నిలబడేముందు, నీడలో, మీ గేజీతోనే చూడండి. ఎండ పడే వైపు టైరుకి తడిగుడ్డ కప్పుకునేవాళ్లని మొదట చూసి నవ్వాను. ఇప్పుడు నా వ్యాన్‌లోనూ రెండు పాత తువ్వాళ్లుంటాయి.

కొనేటప్పుడు

సైడ్‌వాల్ మీద డాట్ కోడ్ (DOT అని మొదలయ్యే తయారీ గుర్తు) చివర నాలుగంకెలు: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2324 అంటే 2024లో 23వ వారం. ఆర్డరు పెట్టేముందు ఆ అంకెల ఫొటో అడగండి. ఫొటో పంపడానికి నానా సాకులు చెప్పే షాపుని అక్కడితో వదిలేయడమే. ఈ లెక్క నాకు ఒకసారి పది గంటల డ్రైవింగూ, ఒక మోటెల్ బిల్లూ తీసుకుంది.

తనిఖీ నియమాలు ఒక్కో నిర్వాహకులవి ఒక్కోలా ఉంటాయి, ఏటా మారతాయి కూడా. ఆ ఏటి రూల్ బుక్ తెప్పించుకుని టైర్ల పేజీ ముందు చదవండి, ఇంజిను పేజీ తర్వాత. బిగించాక రోడ్డు మీద కాస్త తిప్పి పైనున్న జారుడు పోగొట్టి, మళ్లీ ఒకసారి బ్యాలెన్సు చూపించండి.

డాలస్ కుర్రాడి బూసా స్టాక్ టైర్ల తేదీ చూడమన్నాను. ఫోన్ పట్టుకునే గరాజ్‌లోకి వెళ్లి, నేల మీద పడుకుని, అంకెలు చదివాడు. నాలుగేళ్లవి, వెనకదాని నడుమ బల్లపరుపుగా అరిగి ఉందట. కొత్త హైపర్‌స్పోర్ట్ జత, 50 సైజే, రెండు ఇనుప వాల్వులు, ఒక చుట్ట అల్యూమినియం టేపు రాసుకోమన్నాను. మొదటి ఏడు 175 మైళ్లు దాటించొద్దని కూడా చెప్పాను. "సరే అన్నా" అన్నాడు గానీ ఆ గొంతు నాకు తెలుసు, నాదీ అలాగే ఉండేది.